కట్ట సంతకం

మానవజాతి చరిత్రలో కొన్ని ఘట్టాలకి తేదీలు దొరకవు. నిప్పుని మొదట ఎవరు రాజేశారో, చక్రాన్ని మొదట ఎవరు దొర్లించారో పండితులు ఇంకా తేల్చుకోలేదు. గడువు గారు ఎర్ర సిలిండర్ మెడకి వేలాడే చీటీని తిప్పి చూడటం ఏనాడు మొదలుపెట్టారన్నది కూడా ఈ కోవలోకే వస్తుంది. ఈ విషయమై ఇంట్లో రెండు వాదాలున్నాయి. ఉద్యోగంలో చేరిన మూడో వారంలో మొదలైందని బావమరిది వాదం. అంతకుముందు నుంచే ఉందనీ, ఆ లక్షణం చూసే కంపెనీవాళ్ళు ఉద్యోగం ఇచ్చి ఉంటారనీ భార్య వాదం. ఆయన్ని అడిగితే అసలు తనకి అలాంటి అలవాటేదీ లేదంటారు.

ఆ క్రియ మాత్రం అందరూ ఎరిగినదే. ఎడమచెయ్యి జేబులో ఉంటుంది. కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు కలిసి చీటీ అంచు పట్టుకుంటాయి. మెడ కొంచెం వంగుతుంది. పెదవులు కదులుతాయి: తేదీ, నెల, సంవత్సరం. చీటీ వదిలేస్తారు. మొత్తం నాలుగు సెకన్లు. మంటలార్పే సిలిండర్ ఏ గోడకి కనబడినా ఆ నాలుగు సెకన్లూ తప్పవు. సినిమాహాల్లో విరామంలో జరిగింది. బ్యాంకులో క్యూ వదిలేసి వెళ్ళి మరీ జరిగింది, తిరిగొచ్చేసరికి క్యూలో చోటు పోయింది. పాప పుట్టిన రోజు ఆపరేషన్ గది బయట జరుగుతుండగానే నర్సు వచ్చి ఆడపిల్ల అని చెప్పింది. ఆయన వెనక్కి తిరక్కుండానే "ఇంకా నాలుగు నెలలుంది" అన్నారు.

"లేదండీ, నెలలు నిండాకే పుట్టింది" అంది నర్సు.

ఆ రోజే బావమరిది ఆయనకి గడువు అని పేరు పెట్టాడు. పేరు పెట్టాల్సింది పాపకి కదా అని అక్క కోప్పడింది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. వీధిలోవాళ్ళు మర్యాదకి ఒక గారు తగిలించారు. అలా గడువు గారయ్యారు.

ఆయన పనిచేసేది మంటలార్పే సిలిండర్లు నింపి, తనిఖీ చేసే కంపెనీలో. ఏడాదికోసారి ప్రతి సిలిండర్‌నీ గోడ మీంచి దించాలి. ఒత్తిడి చూపే ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూడాలి. పిన్ను కదిలించి చూడాలి. తలకిందులు చేసి, లోపల పొడి జారుతోందో గడ్డకట్టిందో చెవి ఆనించి వినాలి. ఆ తర్వాత చీటీ మీద సంతకం పెట్టాలి. తేదీ ముద్ర ఆఫీసులోనే పడి వస్తుంది, ఆయన వంతు సంతకం ఒక్కటే. రోజుకి అరవై సిలిండర్లు చూడాలని కంపెనీ నియమం. ఆ నియమం రాసినాయన బహుశా సిలిండర్‌ని బొమ్మలోనే చూసి ఉంటాడు.

పాపకి పద్నాలుగో నెల వచ్చింది. నడక నేర్చింది. ఎవరి పోలికో చెప్పనక్కర్లేకుండా, వేలాడే వస్తువేది కనబడినా వెళ్ళి పట్టుకుంటోంది. తండ్రికీ కూతురికీ తేడా ఒక్కటే: ఆయన చదివి వదిలేస్తారు, పాప నోట్లో పెట్టుకుంటుంది.

గడువు గారి భార్య ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. కాన్పుకిచ్చిన సెలవు అయిపోయింది. దాని మీద పొడిగించిన సెలవూ అయిపోయింది. మూడోసారి అడిగితే ఆసుపత్రివాళ్ళు చాలా మర్యాదగా ఉత్తరం రాశారు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం ఉదయం ఏడింటికి హాజరు కావాలని, కాని పక్షంలో ఆమె భవిష్యత్తుకి శుభాకాంక్షలని అందులో ఉంది. ఇన్నాళ్ళూ పాపని ఎత్తుకు తిరిగిన అత్తగారు పెద్ద కూతురికి కవలలు పుట్టడంతో ఆ ఊరు వెళ్ళిపోయారు. "ఒకదానికి ఇద్దరున్నారు మీరు. అక్కడ ఇద్దరికి ఒక్కతే ఉంది" అని బస్సెక్కుతూ లెక్క చెప్పారు. లెక్కలో తప్పేమీ కనబడలేదు.

కాబట్టి పాపని పగటిపూట ఎక్కడో ఒక చోట ఉంచాలి. రెండు వారాల్లో వెతకాలి. బస్సు అందే దూరంలో పిల్లల కేంద్రాలు తొమ్మిది ఉన్నాయని బావమరిది ఫోన్లో చూసి చెప్పాడు.

"తొమ్మిదీ చూద్దాం" అన్నారు గడువు గారు.

"బావా, మీరు చూడటం అంటే మాకు తెలుసు కదా. పాపని ఉంచేది గోడకి కాదు" అన్నాడు బావమరిది.

మొదటి కేంద్రంలో గోడల నిండా బాతులున్నాయి. అక్కడి మేడం పిల్లల సర్వతోముఖ వికాసం గురించి చెబుతోంది. గడువు గారు వినయంగా వింటున్నట్టే ఉండి, నెమ్మదిగా ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, చుట్టిపెట్టిన చాపల వెనక చెయ్యి పెట్టారు.

"పదకొండు రోజులు దాటింది" అన్నారు.

"ఏంటి సార్?"

"సిలిండర్."

"పదకొండు రోజులే కద సార్."

"నిప్పుకి ఆ సంగతి తెలీదండీ."

రెండోదాంట్లో సిలిండర్ లేదు. అది ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి గోడకి కొక్కెమూ, దాని కింద వెలిసిపోని రంగు చారా ఉన్నాయి. కొక్కేనికి గొడుగు తగిలించారు. మూడోదాంట్లో ఉంది గానీ వంటగది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. నాలుగోదాంట్లో దాన్ని రంగు కాగితంతో అలంకరించి కళ్ళూ ముక్కూ అతికించారు. గడువు గారు ఆ ముక్కు కింద వెతికితే చీటీ దొరికింది. దాని మీది తేదీకి పాప ఇంకా పుట్టలేదు.

"ఆడుకుంటార్లే అని పెట్టాం" అంది అక్కడి ఆయా.

ఐదోదాంట్లో ఒక వింత జరిగింది. సిలిండర్లు మూడు, మూడింటికీ గడువుంది. ముళ్ళు పచ్చలో ఉన్నాయి. నేల అద్దంలా ఉంది. గదిలో చిన్న చప్పుడూ లేదు. గడువు గారు భార్య వైపు తిరిగి తల ఊపారు. ఆయన తల ఊపడమంటే ఇంకొకరు ఎగిరి గంతేసినంత. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. మెట్లు దిగాక ఆగింది.

"లెక్కపెట్టారా?" అంది.

"మూడు. మూడూ బాగానే ఉన్నాయి."

"పిల్లల్ని. పధ్నాలుగు మంది. పొద్దున్న పదకొండింటికి పధ్నాలుగు మందీ ఒకేసారి నిద్రపోతున్నారు. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. అక్కడ కూడా అంతమందిని ఒకేసారి నిద్రపుచ్చడం మావల్ల కాదు."

గడువు గారు వెనక్కి తిరిగి ఆ కిటికీల వైపు చూశారు. ఆయనకి ఆ విషయం తట్టనందుకు సిగ్గేసింది. తట్టనిది అదొక్కటేనా అన్న అనుమానం అప్పుడు రాలేదు. అది తర్వాత వచ్చింది.

ఆరోదీ ఏడోదీ చెప్పుకోదగ్గవి కావు. ఎనిమిదోది పేరుకి ఉంది గానీ తలుపుకి తాళం ఉంది. పక్కింటావిడ "వాళ్ళ మీద గొడవైంది, మూసేశారు" అంది. ఏం గొడవని అడిగితే "ఎందుకులెండి" అంది. ఎందుకులెండి అన్న ఆ మాట ఇంటికి వచ్చాక కూడా రెండు రోజులు గదిలో తిరిగింది.

తొమ్మిదోది పసుపు రంగు మేడ. ముందు గేటు మీద జిరాఫీ బొమ్మ. కేంద్రం రెండో అంతస్తులో. నడిపేది నెరిసిన జుట్టు మేడం, పూర్వం బడిలో హెడ్మిస్ట్రెస్. వికాసం అన్న మాట ఆవిడ నోట రాలేదు. "పాపకి ఏం ఇష్టం ఉండదు?" అని అడిగింది. ఏడు చోట్లా ఎవరూ అడగని ప్రశ్న. లోపల పిల్లలు హోరుహోరున గోల చేస్తున్నారు. ఒకడు బకెట్ బోర్లించి కొడుతున్నాడు. ఒక ఆయా నేల మీద చతికిలబడి, ఏడుస్తున్న పిల్లతో దాని ఎత్తుకి వంగి మాట్లాడుతోంది. ఇంకొక ఆయా పాలు మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి, మళ్ళీ చల్లార్చింది. గడువు గారి భార్య ఆ చుక్క వైపు చాలాసేపు చూసింది.

సిలిండర్లు నాలుగు. గడువు గారు నాలుగూ చూశారు. తేదీలన్నీ ఉన్నాయి, ఇంకా నెల రోజులుంది. చీటీ మీద కంపెనీ పేరు తమదే. ఊళ్ళో సగం సిలిండర్లకి ఆ పేరే ఉంటుంది, తనిఖీకి తిరిగేవాళ్ళు ఆరుగురు. ఎవరు చూశారో ఆయన పట్టించుకోలేదు. ఆ వృత్తిలో ఎవరైనా చూసేది తేదీనే. సంతకం ఉందా అని చూస్తారు గానీ ఎవరిదని చూడరు. ఆకాశం ఉందా అని చూసినట్టే అదీ.

మేడం గది గోడకి అద్దాల చట్రాల్లో వరసగా ధ్రువపత్రాలున్నాయి. భవనానిది, కరెంటు తీగలది, వంటగదిది, నీళ్ళ ట్యాంకుది, ఆయాల ఆరోగ్యానిది. గడువు గారు వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఒక్కొక్కటే మొదటినుంచీ చివరిదాకా చదివారు. అన్నీ అమల్లో ఉన్నాయి.

"నవ్వారా?" అంది భార్య మెట్లు దిగుతూ.

"లేదు."

"నవ్వారు. నేను చూశాను."

శుక్రవారం పాపని తీసుకొచ్చి ఒక గంట అలవాటు చెయ్యమని మేడం చెప్పింది. సోమవారం నుంచి చేర్చుకుంటామంది. ఉన్న చోటు ఒక్కటేననీ, వెనక ఇంకో ఇద్దరు అడుగుతున్నారనీ కూడా చెప్పింది. ఆ రాత్రి ఇద్దరూ రెండు వారాల్లో మొదటిసారి హాయిగా నిద్రపోయారు. పాప మామూలుగానే నిద్రపోలేదు.

శుక్రవారం గడువు గారు సగం రోజు సెలవు పెట్టి పాపని తీసుకెళ్ళారు. పాప ఆయన మెడ వదల్లేదు. తర్వాత వదిలింది. బకెట్ కొట్టేవాడి దగ్గరికి వెళ్ళి వాడి బకెట్ తను తీసుకుంది. వాడు ఏడిచాడు. అంతా సవ్యంగా జరుగుతోందని నెరిసిన జుట్టు మేడం అంది. గడువు గారు మూల బల్ల మీద కూర్చుని, కూతురు తన వైపు చూడని మొదటి పావుగంటని జీవితంలో ఒక విజయంగా లెక్కించాలో నష్టంగా లెక్కించాలో తేల్చుకోలేక అవస్థ పడుతున్నారు.

అప్పుడు పాప గోడ వైపు నడిచింది. కింది కొక్కేనికి ఉన్న సిలిండర్ దగ్గర ఆగింది. రెండు వేళ్ళతో చీటీ పట్టుకుంది. లాగింది. తీగ వదులుగా ఉంది, చీటీ ఊడి చేతిలోకి వచ్చింది. నోట్లో పెట్టుకుంది.

గడువు గారు లేచి వెళ్ళి, "ఛీ, ఊసెయ్ తల్లీ" అంటూ నోట్లోంచి చీటీ తీశారు. చొంగతో తడిసిపోయింది. చొక్కా అంచుకి తుడిచారు. తుడిచేటప్పుడు వెలుగులోకి పట్టుకోవాల్సి వచ్చింది. తేదీ ఎలాగూ తెలుసు కాబట్టి కన్ను ఆ పక్కకి పోయింది.

సంతకం ఆయనదే.

ఆ మొదటి అక్షరం సున్నాలా మొదలై, మధ్యలో విసుగు పుట్టి, చివరికి ఒక గీతగా సాగిపోతుంది. అలా ఆ ఊళ్ళో ఇంకెవరూ పెట్టరు.

గడువు గారు చీటీ పట్టుకుని గది మొత్తం కలయజూశారు. గోడ మీద ఇంకో జిరాఫీ, బకెట్, కిటికీ, నీళ్ళ కుండ. ఈ గదిలోకి ఆయన మొన్నటి వరకు రాలేదు. ఆ సంగతి ఆయనకి ఖాయంగా తెలుసు. మిగతా మూడు సిలిండర్ల దగ్గరికీ వెళ్ళి చూశారు. మూడు సున్నాలు, మూడు విసుగులు, మూడు గీతలు.

పాపని ఆయాకి అప్పజెప్పి వెనక మెట్ల మీంచి దిగారు. కింద వెనక గేటు పక్కన వాచ్‌మన్ గది. రేకుల కప్పు, నీలం రంగు కుర్చీ, గోడకి తాళంచేతుల పలక. చూడగానే ఆయన కాళ్ళకి అన్నీ గుర్తొచ్చాయి. ఈ సందులోంచి, ఈ గేటులోంచి ఆయన నాలుగేళ్ళుగా వస్తున్నారు. ముందు గేటు జిరాఫీని ఎప్పుడూ చూడలేదంతే.

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "సార్. మీరా? నెల ముందే వచ్చేశారేంటి?" అన్నాడు. తర్వాత ఆయన దిగివచ్చిన మెట్ల వైపు చూశాడు. "మీరు పైకెక్కారేంటి సార్?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగా ఆశ్చర్యపోయాడు.

ఇక్కడ ఆ వృత్తిలోని ఒక పద్ధతి గురించి చెప్పాలి. రోజుకి అరవై సిలిండర్లు ఎవరివల్లా కాదు. కాబట్టి వాచ్‌మన్‌లకి ముందురోజే ఫోన్ వస్తుంది. వాళ్ళు మేడంతా తిరిగి పాత చీటీలు విప్పి కట్టగా కట్టి ఉంచుతారు. తనిఖీకి వచ్చినాయన కింద కుర్చీలో కూర్చుని, కొత్త చీటీల కట్ట మీద సంతకాలు పెట్టి, టీ తాగి వెళ్తాడు. కొత్త చీటీలు వాచ్‌మన్ కట్టుకుంటాడు. దీన్ని కట్ట కొట్టడం అంటారు. ఆరుగురూ కొడతారు. కట్ట కొట్టనివాడు ఒకడుండేవాడట, వాణ్ణి రోజుకి అరవై చెయ్యలేదని తీసేశారు. గడువు గారు ఏ సిలిండర్ చీటీనైనా నమ్మకంగా తిప్పి చూస్తూ వచ్చిన తొమ్మిదేళ్ళూ, పగటిపూట వాటిల్లో సగానికి కట్ట కొడుతూనే ఉన్నారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేస్తున్నాడని ఆయనకి ఒక్కసారీ తట్టలేదు. ఒకటి ఉద్యోగం, రెండోది జాగ్రత్త.

"చీటీలు ఎవరు కట్టారు?" అన్నారు.

"నేనే సార్. నాలుగూ నేనే కట్టాను. తీగ కొంచెం వదులైందా?"

"కొంచెం."

"పిల్లలు లాగుతుంటారు సార్."

గడువు గారు మళ్ళీ పైకెక్కారు. కింది కొక్కెం సిలిండర్‌ని దించారు. ముల్లు పచ్చలోనే ఉంది. తలకిందులు చేశారు. చెవి ఆనించారు. పిల్లలందరూ ఆట ఆపి ఆయన్ని చూస్తున్నారు, నోట్లో వేలేసుకుని ఒకడు దగ్గరికి వచ్చి తనూ చెవి పెట్టాడు. లోపల ఏదీ జారలేదు. అడుగున అరచేత్తో కొట్టారు. రాయిని కొట్టినట్టుంది. పొడి ఏనాడో గడ్డకట్టింది. పిన్ను లాగి మీట నొక్కితే చిన్న బుస కొట్టి ఊరుకునే రకం.

చీటీ మీది తేదీ పాప పుట్టిన రోజైతే బాగుండేది. ఆసుపత్రికి పరిగెత్తే తొందరలో పైకెక్కలేదని చెప్పుకోవచ్చు, వినేవాళ్ళు కూడా క్షమిస్తారు. ఆయన ఆ రోజు గుర్తు తెచ్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించారు. పాపకి అప్పుడు మూడు నెలలు. అదొక బుధవారం. వాన లేదు. మోకాలు నొప్పి లేదు. ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేకుండా లేదు. రెండంతస్తుల మెట్లు, ముప్ఫై ఆరు. ఎక్కలేదు. అంతే.

పాపని ఎత్తుకుని వెళ్ళిపోయే ముందు మేడం గదిలోకి తొంగిచూశారు. అద్దాల చట్రాలు వరసగా ఉన్నాయి. మొన్న తేదీలు చదివిన చోటే ఇప్పుడు సంతకాలు కనబడ్డాయి. నీలం సిరా, నల్ల సిరా, ఆకుపచ్చ సిరా. ఒకటి మరీ విసుగ్గా ఉంది. ప్రపంచం సంతకాల మీద నిలబడి ఉందని ఆయనకి ముందే తెలుసు. ఆ సంతకాలు ఎక్కడ కూర్చుని పెట్టారో ఇప్పుడు తెలిసింది.

కరెంటు తీగల ధ్రువపత్రం మీద ఉన్న పేరు ఆయన ఎరిగినదే. ఆ వైర్ల ఇన్‌స్పెక్టర్ మధ్యాహ్నాలు కంపెనీ ఎదురుగా టీ దుకాణంలో కనబడుతుంటాడు. గడువు గారు పాపని ఇంట్లో దింపి నేరుగా అక్కడికే వెళ్ళారు.

"పసుపు మేడ. జిరాఫీ బొమ్మ ఉంటుంది. వైర్లు మీరే చూశారట" అన్నారు.

"ఉండొచ్చు" అన్నాడు వైర్ల ఇన్‌స్పెక్టర్ టీ ఊదుకుంటూ.

"పైకెళ్ళి చూశారా?"

ఆయన గ్లాసు దించి గడువు గారి వైపు జాలిగా చూశాడు. "పైకా? అది సరే, మీరెక్కారా?"

గడువు గారు బల్ల మీది టీ చుక్కని వేలితో తుడిచారు.

"మరింకేం. ఎవరినుంచైనా ఫిర్యాదు వచ్చిందా?"

"లేదు. మా పాపని చేర్చుదామని."

వైర్ల ఇన్‌స్పెక్టర్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. టీ మీద తెట్టు కట్టింది. "మా వాడు కూడా అలాంటిచోటే పెరిగాడులెండి. ఏం కాలేదు" అన్నాడు. తెట్టు వేలితో తీసి పారేసి, "కాలేదు కాబట్టి చెబుతున్నాను" అన్నాడు.

మర్నాడు శనివారం. గడువు గారు కంపెనీ నుంచి కొత్తగా నింపిన సిలిండర్లు నాలుగు అడిగి తెచ్చి, ముప్ఫై ఆరు మెట్లూ నాలుగుసార్లు ఎక్కారు. పాతవి దించారు. ఒక్కొక్కదాన్నీ తలకిందులు చేసి, పొడి ఇసకలా జారే చప్పుడు విని, కొత్త చీటీ కట్టి, నిలబడి సంతకం పెట్టారు. తొమ్మిదేళ్ళలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ పెట్టలేదు. అక్షరాలన్నీ కనబడుతున్నాయి. ఎవరిదో సంతకంలా ఉంది.

"నెల ముందే మార్చారే, ఎంత శ్రద్ధండీ మీకు" అంది మేడం. ఆవిడకి చెప్పేద్దామని నోరు తెరిచారు. చెబితే చోటు పోతుందేమో. వెనక ఇంకో ఇద్దరున్నారు. "పొడి పాతదైంది" అన్నారు.

తర్వాత స్విచ్చుల పెట్టె మూత తీశారు. ఎర్రవీ నల్లవీ ఆకుపచ్చవీ తీగలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. తెలియని లిపిలో రాసిన పుస్తకం ముందు కూర్చున్నట్టు దాని ముందు కూర్చున్నారు. ఏది తప్పో తెలియాలంటే ముందు ఏది ఒప్పో తెలియాలి. మూత పెట్టేశారు. నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి లోపలికి చూశారు. నీళ్ళున్నాయి. అంతకు మించి ఏం చూడాలో తెలియలేదు. పాల చుక్క మణికట్టు మీద వేసుకున్న ఆయా ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడటానికి ఆమెకి చెవి ఆనించలేరు కదా.

ఆ సాయంత్రం భార్య ఆసుపత్రి తెల్లకోటు ఇస్త్రీ చేస్తుంటే చెప్పారు. కట్ట సంగతి, వాచ్‌మన్ అన్న మాట, గడ్డకట్టిన పొడి, వైర్ల ఇన్‌స్పెక్టర్ టీ. పాప నేల మీద ఇస్త్రీ తీగ వైపు పాకుతుంటే మధ్యమధ్యలో ఇద్దరిలో ఎవరో ఒకరు లాగి వెనక్కి కూర్చోబెడుతున్నారు. అంతా విన్నాక ఆమె తిడుతుందని ఎదురుచూశారు. తిట్టలేదు. కాలర్ ఇస్త్రీ చేసింది.

"ఎన్ని ఉంటాయి?" అంది.

"ఏంటి?"

"మీరు పైకెక్కకుండా పెట్టినవి."

ఆయన మనసులో లెక్క వెయ్యబోయారు. బడులు, సినిమాహాళ్ళు, బ్యాంకులు. ఆపరేషన్ గది బయట గోడ ఒకటి కళ్ళముందు వచ్చి నిలబడింది. ఇంకా నాలుగు నెలలుందని ఆనాడు చదివారు. ఆ చీటీ మీద సంతకం ఎవరిదో చూడలేదు. లెక్క అక్కడ ఆపేశారు.

"మీకొకటి చెప్పనా?" అంది ఆమె కోటు తిరగేస్తూ. "మాకు బ్యాడ్జీలుంటాయి, తెలుసుగా. ఒంటికి ఎంత ఎక్స్‌రే తగిలిందో అది చెబుతుంది. మూడు నెలలకోసారి పరీక్షకి పంపుతారు."

"నీకు ఎప్పుడూ సున్నా అని వచ్చేది. నువ్వే చూపించావు."

"బ్రహ్మాండంగా వచ్చేది. ఎందుకంటే అవన్నీ ఇన్‌చార్జి గారి సొరుగులో ఉండేవి. ఎవరన్నా పారేసుకుంటే ఆయన సంజాయిషీ రాయాలని తీసి దాచేవారు. పాప కడుపులో ఉన్నప్పుడు నాలుగో నెల దాకా నేను చెప్పలేదు కదా, చెబితే ఉద్యోగం తీసేస్తారని. ఆ నాలుగు నెలలూ నేను గదిలో, బ్యాడ్జీ సొరుగులో." ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "సొరుగు ఆరోగ్యం చాలా బాగుందని రిపోర్టు."

గడువు గారు పాప వైపు చూశారు. పాప ఇస్త్రీ తీగ మీంచి చూపు తిప్పి ఆయన్ని చూసి నవ్వింది. పైన రెండు, కింద నాలుగు పళ్ళు. ఒంటికి ఏమీ అయినట్టు లేదు. ఏమీ అయినట్టు లేకపోవడం ఎవరి సంతకమో ఎవరికీ తెలియదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెబితే ఏం చేసేవారు?"

ఆయన పాపని తీగ దగ్గర్నుంచి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు.

"ఇంకో చోటు చూద్దామా?" అన్నారు చివరికి.

"ఎక్కడ? అక్కడ మాత్రం సంతకాలు పెట్టేది ఎవరు, దేవదూతలా?" కోటు గుండీలు పెట్టి కొక్కేనికి తగిలించింది. "ఆ ఆయా పాలు చూసుకుని పట్టింది. నేను కళ్ళారా చూశాను. నేను చూసింది అదొక్కటే. సోమవారం ఏడింటికి నేను డ్యూటీలో ఉండాలి."

ఆదివారం గడువు గారు పాపని భుజాన వేసుకుని వీధి చివరిదాకా, వెనక్కి, మళ్ళీ చివరిదాకా నడిచారు. బావమరిది స్కూటర్ ఆపి, "ఏంటి బావా, పాపకి ఇంకా ఎన్నాళ్ళు గడువుంది?" అన్నాడు. ఎప్పుడూ వేసే జోకే. గడువు గారు నవ్వలేదు. బావమరిది స్కూటర్ ఇంజిను ఆపేసి, "తప్పుగా అన్నాను బావా" అని వెళ్ళిపోయాడు. ఏం తప్పో అతనికి తెలియదు.

సోమవారం ఆమె ఆరుంపావుకే వెళ్ళిపోయింది. వెళ్తూ పాప నుదుటి మీద పెదవులు ఆనించి జ్వరం ఏమైనా ఉందేమో చూసింది. లేదు. ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించిన సంగతి ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

గడువు గారు ఎనిమిదింటికి ముందు గేటులోంచి, జిరాఫీ పక్కనుంచి, ముప్ఫై ఆరు మెట్లు ఎక్కారు. పాపకి సంగతి అర్థమైంది. ఆయన భుజాన ఉన్న సంచీ పట్టీని గుప్పిట బిగించి పట్టుకుంది. ఏడవలేదు, అరవలేదు, పట్టుకుందంతే. పాల చుక్క ఆయా వచ్చి, "ఇలా రా బంగారం" అంటూ ఒక్కొక్క వేలూ విప్పింది. ఐదో వేలు విప్పేటప్పటికి మొదటిది మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ విప్పింది. తలుపు మూసుకున్నాక ఏడుపు మొదలైంది. రెండో అంతస్తులోంచి కూడా అది ఆయన కూతురిదేనని స్పష్టంగా తెలుస్తోంది. నాలుగు కొత్త సిలిండర్లు గోడలకి ఉన్నాయి. తీగలు, ట్యాంకు, మనుషులు, మిగతావన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి.

నెరిసిన జుట్టు మేడం చేరిక ఫారం బల్ల మీద పెట్టింది. పదకొండు పేజీలు, చిన్న అక్షరాలు. కేంద్రంలో జరిగే ఏయే విషయాలకి ఎవరెవరు బాధ్యులో, ఎవరెవరు కారో అందులో వివరంగా ఉంది. "ప్రతి పేజీ కిందా ఒకటి పెట్టాలండీ. తీరిగ్గా చదువుకోండి" అంది.

గడువు గారు గోడ గడియారం చూశారు. జేబులోంచి కలం తీశారు. కూర్చోలేదు. పేజీల మూల బొటనవేలితో తిప్పుకుంటూ పదకొండు సంతకాలూ పెట్టారు.

బస్సు అందింది.